పార్టీ మీద నమ్మకం పోయింది, కన్సర్వేటివ్ ఆలోచన మీద మాత్రం పోలేదు. ఏం చేయాలి?

కొట్టూర్‌పురం_రీడర్:
అందరికీ నమస్తే. చెన్నైలో ఎంఏ పొలిటికల్ సైన్స్ సెకండ్ ఇయర్, మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. మా తాతయ్య స్వతంత్ర పార్టీ (రాజాజీ పెట్టిన రైట్ పార్టీ) మనిషి, ఆ పార్టీ పెద్ద నాయకుడు ఎన్.జి.రంగా గారిది మా పక్కనే నిడుబ్రోలు కాబట్టి మా వైపు అది సొంతింటి పార్టీ లాగే, నక్షత్రం గుర్తుకి ఓటేశానని చివరిదాకా చెప్పుకున్నాడు. మనవాడే అయినా సరే ఒక్కడి చేతికి మరీ ఎక్కువ అధికారం ఇవ్వకూడదు, పాతది పడగొట్టేముందు అదెందుకు కట్టారో అడగాలి, ఇవే ఆయన మాటలు. నేను రైట్ వైపు వచ్చింది కూడా అందుకే.

మొన్న ఎలక్షన్స్‌కి ఊరెళ్లి రెండు వారాలు పార్టీకి తిరిగా (పేరు వద్దు). ఎదుటి క్యాండిడేట్ చెరువు భూమి ఆక్రమించాడని సర్వే నంబర్లతో సహా పాంప్లెట్ వేసి ఇంటింటికీ పంచాం. నాలుగు నెలలకి ఆయనే మా పార్టీలో చేరాడు, శాలువా కప్పారు, అందరూ స్టేటస్ పెట్టండని గ్రూపులో మెసేజ్. "మరి చెరువు సంగతి?" అని అడిగా, సాయంత్రానికల్లా గ్రూపులోంచి తీసేశారు. మిగిలిన పాంప్లెట్లు నా బ్యాగులో వచ్చేశాయి, వేళచ్చేరి రూమ్‌లో మంచం కింద రబ్బర్‌బ్యాండ్ కూడా తీయకుండా అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అన్నా సెంటినరీ లైబ్రరీలో కూర్చుని ఎడ్మండ్ బర్క్‌ని (18వ శతాబ్దపు బ్రిటిష్ ఎంపీ, కన్సర్వేటివ్ ఆలోచనకి మూలపురుషుడు అంటారు) చదువుతున్నా. ఫ్రెంచ్ విప్లవాన్ని వ్యతిరేకించాడనే అందరికీ తెలుసు, కానీ ఇండియాలో చేసిన అన్యాయాలకి ఇక్కడ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ మీద ఏళ్ల తరబడి అభిశంసన నడిపింది కూడా ఆయనే. 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు, అది వేరే విషయం. మన దేశం వాడే కదా అని వదిలేయలేదు చూడండి, నాకు కన్సర్వేటివ్ అంటే అదీ. అలాంటిది పార్టీలో ఉండి కుదురుతుందా, లేక చదువుకే పరిమితం అయిపోవాలా?

పెరంబూర్_తాత:
బాబూ, 1967లో నేను హైస్కూల్లో ఉన్నా. రాజాజీ గారు అప్పుడు డీఎంకేతో కలిశారు, అంతకుముందు వాళ్లకీ ఆయనకీ అసలు పడేది కాదు. ఆ ఎన్నికల్లో స్వతంత్రకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి, అయినా 1974కల్లా పార్టీయే లేదు. రంగా గారు కూడా తిరిగి కాంగ్రెస్‌లోకే వెళ్లారు. అప్పుడు మీ తాతగారు ఏమన్నారు? అది కనుక్కో నాయనా. రాజాజీ ఎందుకు కలుస్తున్నారో జనానికి చెప్పి కలిశారు, కాంగ్రెస్‌ని దించాలి అని. మీవాళ్లు నిన్ను గ్రూపులోంచి తీసేశారు. నాకు కనిపించే తేడా అదే.

నీలిరంగు_జెండా:
బ్రదర్, బాధ అర్థమైంది కానీ ఒకటి అడుగుతా. పాతది ఎందుకు కట్టారో అడగాలి అన్నావు, ఎవరి కోసం కట్టారో కూడా అడగాలి కదా. ఇదే రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో ఒక పూట బడి, మిగతా టైమ్ ఇంటి వృత్తి అని స్కీమ్ తెచ్చాడు, కులక్కల్వి (తమిళంలో కులవిద్య) అని జనం తిరగబడ్డారు, 1954లో దిగిపోవాల్సి వచ్చింది. చెప్పులు కుట్టేవాడి కొడుకు మళ్లీ చెప్పులే కుట్టాలా? 1939లో దళితుల ఆలయ ప్రవేశానికి చట్టపు రక్షణ ఇచ్చింది కూడా ఆయనే, అదీ ఒప్పుకుంటా. నీ పార్టీ నిన్ను మోసం చేసింది సరే, నీ ఫిలాసఫీని కూడా అంతే గట్టిగా నిలదీయి.

లా_ఫైనలియర్:
గెలిపించిన ఊరికైనా సరే తలూపను, నా వివేకంతోనే నడుస్తా అని బర్క్ 1774లో బ్రిస్టల్ ఓటర్లకి చెప్పాడు. మన దగ్గర 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక సభ్యుడు విప్ (ఇలా ఓటేయమని పార్టీ ఇచ్చే ఆదేశం) కాదని ఓటేస్తే సీటే పోవచ్చు, కానీ ఓడిపోయిన క్యాండిడేట్ కండువా మార్చుకుంటే ఏ చట్టమూ అడ్డురాదు. నీ కేసు అదే. పాంప్లెట్లో సర్వే నంబర్లు ఉన్నాయిగా, ఆర్టీఐ వెయ్యి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కొట్టూర్‌పురం_రీడర్:
అందరికీ థ్యాంక్స్. కులక్కల్వి గురించి నాకు పైపైనే తెలుసు అన్నా, తాతయ్య ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఎందుకు ఎత్తలేదా అని రాత్రంతా అదే ఆలోచన. నానమ్మకి ఫోన్ చేసి అడిగా. రంగా గారు మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లాక కూడా ఊరికొస్తే తాతయ్య ఎదురెళ్లి దణ్ణం పెట్టేవాడంట, ఓటు మాత్రం కాంగ్రెస్‌కి వేయలేదంట. దసరాకి ఊరెళ్తున్నా. పాంప్లెట్ ఒకటి తీసి సర్వే నంబర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నా, ముందు తహసీల్దార్ ఆఫీసులో అప్లికేషన్ ఇస్తా.