బ్రేక్ పెడల్ మెత్తబడింది: ఎయిర్ తీయించాలా, మాస్టర్ సిలిండర్ మార్చాలా?

చిత్తూరు_చక్రం:
నాది 2014 హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు. పోయిన వారం తిరుమల నుంచి దిగుతుంటే చివరి మలుపుల దగ్గర పెడల్ మెత్తబడి సగానికి పైగా లోపలికి పోయింది. అలిపిరి దగ్గర కాసేపు ఆపితే కొంత తేరుకుంది గానీ ఇప్పటికీ మునుపటిలా లేదు. వెంటవెంటనే రెండుసార్లు తొక్కితే మాత్రం గట్టిగా పైకొస్తుంది. బ్రేక్ ఆయిల్ లెవెల్ తగ్గలేదు. మెకానిక్ ఒక్కసారి తొక్కి చూసి "మాస్టర్ సిలిండర్ పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు నెట్టేది అదే. దాన్ని మార్చకుండా పైపుల్లో చేరిన గాలి (ఎయిర్) తీస్తే సరిపోదా?

నట్టు_బోల్టు_నల్గొండ:
అన్నా, ఏం చూసి సిలిండర్ పోయిందన్నడో ముందు అడుగు. ఇంజిన్ బంద్ పెట్టి నాలుగైదు సార్లు తొక్కు, పెడల్‌కు బలమిచ్చే బూస్టర్ల వ్యాక్యూమ్ అయిపోతది. ఇగ ఒకే తీరుగ నొక్కి పట్టుకో. కాలి కింద పెడల్ మెల్లగ జారుతుంటే, బయట యాడ కూడా లీకేజీ లేకుంటే, లోపల రబ్బరు కప్పులు దాటి ఆయిల్ వెనక్కి పోతున్నట్టే. జారకుంటే సిలిండర్ జోలికి పోకు. నాలుగు చక్రాలకు ఎయిర్ తీపియ్, అయిపాయె.

పాతబండి_ఒంగోలు:
ఎయిర్ తీపియ్ అంటున్నారు సరే, ఆ ఎయిర్ ఎక్కడి నుంచి వచ్చిందండీ? పైపులు విప్పలేదు, లెవెల్ తగ్గలేదు. గాలి ఊరికే దూరదు. ఘాట్‌లో జరిగిన దాని సంగతి వేరు. బ్రేక్ ఆయిల్ ఏళ్ల తరబడి తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140. డాట్ 4కి 230, 155. దిగుతూ కాలు తీయకుండా బ్రేక్ మీదే ఉంటే ముందు డిస్కుని పట్టే కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ అందుకే దిగిపోయింది. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు?

నట్టు_బోల్టు_నల్గొండ:
పెద్దాయనా, బండి చల్లారినంక ఆవిరి మళ్ల ద్రవమే అయితది గద? వారమైనా మెత్తగనే ఉందంటుండు. మీ లెక్క సగమే కలుస్తుంది.

పాతబండి_ఒంగోలు:
రెండు జబ్బులు ఒకే బండికి ఉండకూడదని ఎక్కడ రాసుంది? రెండుసార్లు తొక్కితే పైకొస్తుందని ఆయనే చెప్పాడు, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. గాలి ఉన్నా అలా రావచ్చు గానీ, వెనక డ్రమ్ముల్లో లోపలి నుంచి ఒత్తే షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగినా అలాగే వస్తుంది. మొదటి తొక్కు ఆ సందు పూడ్చడానికే అయిపోతుంది. చక్రం గారూ, బండి ఆపి హ్యాండ్ బ్రేక్ బాగా పైకి లాగి పెడల్ తొక్కి చూడండి. అప్పుడు పైనే పట్టుకుంటే వెనక చక్రాలు విప్పించండి. పైసా ఖర్చు లేని పరీక్ష.

విశాఖ_వీల్స్:
ఎయిర్ తీయడానికి షెడ్డుకే వెళ్లక్కర్లేదు, నేను ఇంట్లోనే చేస్తాను. చెల్లి పెడల్ తొక్కి పట్టుకుంటుంది, నేను చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ విప్పి బిగిస్తాను. బిగించాకే తను కాలు తీయాలి, లేకపోతే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. పైన ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. అంతే.

పాతబండి_ఒంగోలు:
అమ్మాయీ, పద్ధతి మంచిదే, కానీ పాత బండికి పెడల్ నేలకి తాకేలా తొక్కించొద్దు. రోజూ పిస్టన్ తిరగని చోట సిలిండర్ గోడకి తుప్పు, మడ్డి పడతాయి. రబ్బరు కప్పులు అక్కడిదాకా పోతే చిరుగుతాయి. బాగున్న సిలిండర్ మర్నాడే పోతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టండి.

విశాఖ_వీల్స్:
చెక్కముక్క సంగతి బావుంది, పెడతాను. కానీ ఆ భయంతో ఆయిల్ మార్చకుండా వదిలేసేవాళ్లే ఎక్కువండీ. తేమతో తుప్పు పట్టేది కూడా అందుకే కదా.

కారు_కబుర్లు:
ఇది చదివి అందరూ స్పానర్ పట్టుకోకండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ యూనిట్‌లో గాలి చిక్కితే చాలా బండ్లలో స్కానర్ పెట్టి పంపు తిప్పితే గానీ రాదు. చక్రాల వరస కూడా అన్నిటికీ ఒకటి కాదు, మాన్యువల్ చూడండి.

చిత్తూరు_చక్రం:
రెండు పరీక్షలూ చేశా. నొక్కి పట్టుకుంటే పెడల్ జారలేదు. హ్యాండ్ బ్రేక్ లాగితే బాగా పైనే పట్టుకుంది. వేరే షెడ్డులో డ్రమ్ములు విప్పించా. ఎడమవైపు షూల సందు సర్దే అడ్జస్టర్ తుప్పు పట్టి తిరగడమే లేదు. శుభ్రం చేసి షూలు సర్దాక పెడల్ పైకొచ్చింది. ఆయిల్ మాత్రం డికాక్షన్ రంగులో ఉంది, బండి కొన్నప్పటి నుంచి నేను మార్చించలేదు. పెడల్ బాగయింది కదా, ఇప్పుడే మార్చాలా?

నట్టు_బోల్టు_నల్గొండ:
సిలిండర్ పైసలు మిగిలినయ్ గద అన్నా, అండ్ల నుంచే మార్పియ్. డబ్బా మూత మీద ఏ గ్రేడ్ రాసుంటే గదే పోయాలె. డాట్ 5 అని సిలికాన్‌ది అంటగడితే వద్దను, పాతదాంతోని కలువది.

పాతబండి_ఒంగోలు:
మళ్లీ కొండ ఎక్కేలోపే మార్చండి. మీ పెడల్ బాగయింది వెనక చక్రాల వల్ల. ఘాట్‌లో మరిగిన ఆయిల్ ఇంకా అక్కడే ఉంది. దిగేటప్పుడు రెండో గేరులో దిగండి.

విశాఖ_వీల్స్:
నాలుగు నిపుల్స్ నుంచీ తేటగా వచ్చేదాకా తీయించండి. కొందరు పై డబ్బాలోది మాత్రమే తోడేసి కొత్తది పోసి డబ్బులు అడుగుతారు, పక్కనే నిలబడండి.