ఉరుము ఉరిమి మంగలం మీదా, మంగళం మీదా?

వానకోయిల:
అందరికీ నమస్కారం. మూడ్రోజుల్నుంచి ఒక మాట బుర్రలో తిరుగుతూనే ఉంది, ఇక్కడైతే తేలుతుందని పెడుతున్నా. మొన్న ఎవరి మీదో కోపం మా చిన్నాడి మీద చూపిస్తే మా వారు "ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టుంది" అన్నారు. మా అమ్మమ్మ అనేది నాకు బాగా గుర్తు, తెనాలి దగ్గర పల్లె ఆవిడది, కానీ ఆవిడ నోట్లో అది "మంగలం" అనే వినపడేది, ళ కాదు. పైగా అక్కడితో ఆపేది కాదు, వెంటనే ఇంకో ముక్క ఉండేది, "మంగలం ఏం చేసిందే పాపం" అన్నట్టు ఏదో, లయ గుర్తుంది గానీ మాటలు పూర్తిగా గుర్తు లేవు. అది సామెతలో భాగమా, ఆవిడ సొంతంగా కలుపుకుందా? ఎవరింట్లో అయినా విన్నారా? ఇంకోటి, మా చిన్నాడు ఎనిమిదో క్లాసు, "పడేది పిడుగు కదమ్మా, ఉరుము ఎలా పడుతుంది" అన్నాడు, దానికీ నా దగ్గర జవాబు లేదు.

పాతపుస్తకం:
తేలిక ల, సందేహమే లేదండీ. మంగలం అంటే పేలాలు వేయించే మట్టి పాత్ర, ఓటికుండని పక్కకి పడుకోబెట్టి పొయ్యి మీద పెట్టేవాళ్ళు. బ్రౌణ్యంలో, అంటే బ్రౌన్ దొర నిఘంటువులో కూడా వేపుడు పాత్ర అనే అర్థం ఉంది. ఆ కుండ ఇళ్ళల్లోంచి పోయింది, మాట మిగిలింది, తెలియని మాటని తెలిసిన మాటగా మార్చేసుకోవడం జనానికి అలవాటే కాబట్టి మంగళం అయికూర్చుంది. అసలు హారతి మీద ఉరుము పడటం ఏమిటి చెప్పండి.

గట్టుమీదిమామిడి:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి పాతపుస్తకం గారూ. మంగళం అంటే హారతి ఒక్కటే కాదు, కచేరీ చివర పాడే పాట కూడా. భజన అంతా సవ్యంగా జరిగి సరిగ్గా మంగళం పాడే టైముకి ఉరుము ఉరిమితే? సంబంధం లేని చోట దెబ్బ అన్న అర్థం చక్కగా కుదురుతుంది. పైగా అనంతపురం వైపు ఉరుము అని ఒక వాద్యమే ఉంది, ఆ వాద్యం మోత మంగళం పాట మీద పడి పాట వినపడకుండా పోయిందేమో అని నా ఊహ. దీని మీద పదేళ్ళుగా ఆలోచిస్తున్నా.

సీమమిరప:
అనంతపురం మాదే అన్నా. ఉరుముల వాద్యం ఉండేది నిజమే, చిన్నప్పుడు జాతరలో దాని మోతకి గుండె అదిరేది. కానీ సామెతలో "ఉరిమి" అని ఉంది చూడు, వాద్యం అయితే "వాయించి" అనో "మోగి" అనో ఉండాల. ఉరిమేది మబ్బే. ఇంక మంగలం అనే మాట మా ఇంట్లో నేను వినలేదు, మా పక్క బొరుగులకి బాండ్లీలో ఇసక పోసి కాల్చి అందులో వేయించేది.

లెక్కలమాస్టారు:
వానకోయిల గారూ, ముందు మీ అబ్బాయి ప్రశ్నకి చెప్తా, చాలా మంచి ప్రశ్న. ఉరుము అనేది విడిగా ఉండే వస్తువు కాదు, పిడుగు దారిలో ఉన్న గాలి రెప్పపాటు కూడా పట్టకుండా దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కిపోతుంది, సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలే అనుకుంటే అంతకి ఐదు రెట్లు. ఆ గాలికి మామూలుగా వ్యాకోచించే తీరిక ఉండదు, పేలుతుంది, ఆ పేలుడే ఉరుము. దగ్గర్లో పడితే ఆ గాలి తోపుకి కిటికీ అద్దాలు అదురుతాయి కాబట్టి ఉరుము "పడటం" అనేది మరీ అర్థం లేని మాటేం కాదు. ఇప్పుడు నా థియరీ వినండి. మంగలంలో జరిగేదీ ఇదే! గింజలో ఉన్న తడి ఆవిరై లోపల ఒత్తిడి పెరిగి పెరిగి తొక్క తట్టుకోలేక పేలుతుంది. మొక్కజొన్న గింజ మీద కొలిచారు, 2015లో ఫ్రాన్స్ పరిశోధకులు, 180 డిగ్రీల దగ్గర పేలుతుందట, అప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలికి తొమ్మిది పది రెట్లు. టప్ మనే చప్పుడు తొక్క చిరిగినందుకు కాదు, లోపల బిగబట్టిన ఆవిరి ఒక్కసారి బయటికి దూకినందుకు అని తేల్చారు. అంటే మంగలంలో మోగేవన్నీ చిట్టి ఉరుములే. పైన పెద్ద ఉరుము, కింద చిన్న ఉరుములు, ఈ పోలిక చూసే ఎవరో మన పూర్వీకులు సామెత కట్టి ఉంటారని నా గట్టి నమ్మకం.

పాతపుస్తకం:
పోలిక అందంగా ఉంది మాస్టారూ, కానీ సామెతలో ఉన్నది పోలిక కాదు, అన్యాయం. ఎక్కడో ఉరిమింది, పాపం ఇక్కడ మంగలం పగిలింది. అది ముందే ఓటికుండ, దానికి చిన్న అదటు చాలు. ఇంట్లో బలహీనుల మీద కోపం పడటం అన్న అర్థం అక్కణ్ణుంచే వస్తుంది. పేలాలు వేయిస్తున్న మనిషి ఉలిక్కిపడి చెయ్యి తగిలినా చాలు.

జొన్నకంకి:
ఉరుముల టైముల పేలాలెందుకు ఏంచుతరు అని ఎవ్వరు అడుగుతలేరేంది? మా దిక్కు తొలి ఏకాశి నాడు ప్యాలపిండి తినకుంటే మా నాయనమ్మ ఊకునేది కాదు. జొన్న ప్యాలాలు ఏంచి, ఇసుర్రాయిల ఇసిరి, బెల్లం కలిపేది. తొలి ఏకాశి ఆషాఢంల వస్తది, అంటే వానలు మొదలైన కొత్త, ఉరుములు మెరుపులు ఉండే రోజులు. ఇంట్ల మంగలం పొయ్యి మీదున్న రోజే మొగులు ఉరుముతది. నాకైతే సామెత ఆ రోజే పుట్టినట్టు అనిపిస్తది.

వానకోయిల:
జొన్నకంకి గారూ ఇది చదివి ఒళ్ళు జలదరించింది. మా అమ్మమ్మ కూడా ఆ పండక్కే చేసేది, పేలపిండి అనేది. ఆ రెండో ముక్క ఎవరికీ తెలియదా మరి?

పల్నాటిపిల్ల:
పేలాలంటే జొన్న పేలాలే అసలు పేలాలు, జొన్నలంటే మా పల్నాడే 😊 శ్రీనాథుడు ఊరికే అన్నాడా "జొన్నకలి జొన్నయంబలి జొన్నన్నము జొన్నపిసరు జొన్నలె తప్పన్" అని, "సన్నన్నము సున్న సుమీ" అని. అన్నీ చెప్పాడు, పేలాలు మాత్రం వదిలేశాడు మహానుభావుడు, మంగలం పెట్టే రోజు మా ఊరు వచ్చి ఉంటే పద్యం ఇంకోలా ఉండేది.

గట్టుమీదిమామిడి:
వదల్లేదేమో, ఆ "పిసరు" ఏమిటో ఆలోచించారా? పిసరు అంటే పేలాల పొడి లాంటిదని నాకెప్పుడూ అనుమానం. కలి, అంబలి, అన్నం, ఇవన్నీ వంటకాలు, వరసలో నాలుగోది కూడా వంటకమే కావాలి కదా.

పాతపుస్తకం:
పిసరు అంటే రవ్వంత, ఇసుమంత ముక్క. "పిసరంత బెల్లం పెట్టు" అనరూ? అక్కడ కవి జొన్న తప్ప చిన్న తునక కూడా ఇంకోటి దొరకదు అంటున్నాడు. కొత్త వంటకాలు సృష్టించొద్దు.

పల్నాటిపిల్ల:
మా తాతయ్య అయితే పిసరు అంటే పిండితో చేసే ఏదో ముద్ద అనేవారు, పేరు ఉంది గానీ చేసేవాళ్ళు లేరు అని బాధపడేవారు. నిఘంటువు కన్నా పొయ్యి పక్కన కూర్చున్నవాళ్ళ మాట నాకు ఎక్కువ అండీ.

పాతపుస్తకం:
తాతగారి మీద గౌరవమే అమ్మా. కానీ ఆ చాటువు శ్రీనాథుడిది అని చెప్పుకోవడమే తప్ప ఆయన కావ్యాల్లో ఉన్నది కాదు, నోటి మాటగా వచ్చింది, కాబట్టి అందులో ఒక్కో అక్షరం మీద ఇల్లు కట్టలేం.

సీమమిరప:
ఇల్లు కట్టేది తర్వాత, మంగలం కథ ఏమైంది 🙂

లెక్కలమాస్టారు:
మంగలం దగ్గరికే వస్తున్నా. "ఉరుములేని పిడుగు" అంటాం కదా, చాలామంది సైన్సు ప్రకారం తప్పు అంటారు, పిడుగు పడితే ఉరుము ఉండి తీరాలి కాబట్టి. కానీ ఆ మాట అన్నవాడు చూసి అన్నాడు. పిడుగు ఒక్కోసారి మబ్బు పక్కలోంచి బయటికొచ్చి 15 కిలోమీటర్ల దూరాన, నెత్తి మీద మబ్బు లేని చోట పడుతుంది. అక్కడ నిలబడ్డవాడికి ముందు ఒక్క ఉరుమైనా వినపడి ఉండకపోవచ్చు, ఎందుకంటే ఉరుము ఎంత పెద్దదైనా పదిహేను ఇరవై కిలోమీటర్లు దాటి వినపడటం అరుదు. అంటే హెచ్చరిక లేని దెబ్బ. ఇక ఉరిమేది ఒకచోట, పడేది ఇంకోచోట అన్నదానికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది, 2017 అక్టోబరు 22న ఒకే ఒక్క మెరుపు టెక్సస్ నుంచి కాన్సస్ సిటీ దగ్గరి దాకా 829 కిలోమీటర్లు పాకింది, ప్రపంచ వాతావరణ సంస్థ 2025లో దాన్ని రికార్డుగా ఒప్పుకుంది. మన మ్యాపులో ఇచ్ఛాపురం నుంచి చెన్నై దాకా గీత గీస్తే ఇంచుమించు అంత. ఇచ్ఛాపురంలో ఉరిమి చెన్నైలో మంగలం మీద పడటం అన్నమాట.

జొన్నకంకి:
అబ్బ, ఇచ్ఛాపురం నుంచి చెన్నై! మా పిల్లలకు చెప్త.

గట్టుమీదిమామిడి:
పిడుగు అన్నారు కాబట్టి ఇది కూడా తేల్చండి. "పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం" కరెక్టా, "పిడక్కీ బియ్యానికీ" కరెక్టా? డు అయితే పిడుగు, డ అయితే పిడక. పిడక అనే నేను అంటాను. పిడకా బియ్యమూ రెండూ వంటింటి సరుకులు, ఒకటి కాలేది ఒకటి ఉడికేది, రెండిటికీ ఒకే మంత్రం వేస్తే ఎలా అని. పిడుగుకీ బియ్యానికీ చుట్టరికం ఎక్కడుంది?

పల్నాటిపిల్ల:
చుట్టరికం లేకపోవడమే కదండీ సామెత! పైగా పిడక్కి మంత్రం ఎవరు వేస్తారు? పిడుక్కి మాత్రం మంత్రం ఉంది, ఉరిమితే చాలు మా నాన్నమ్మ మమ్మల్ని దగ్గరికి లాక్కుని "అర్జున ఫల్గుణ పార్థ కిరీటి" మొదలెట్టేది.

పాతపుస్తకం:
పిడుగు వైపే నా ఓటు. కానీ ఫల్గుణ కాదు, ఫల్గున. "అర్జునః ఫల్గునః పార్థః కిరీటీ శ్వేతవాహనః", సంస్కృతంలో న. ఉత్తర ఫల్గునీ నక్షత్రంలో పుట్టాడు కాబట్టి ఆ పేరు అని విరాటపర్వంలో ఆయనే ఉత్తరుడికి చెప్తాడు.

సీమమిరప:
తెలుగులో ఫల్గుణ అని అందరం అంటాం, పిడుగు భయంలో ణ అయినా న అయినా అర్జునుడు వస్తాడులే సామీ.

లెక్కలమాస్టారు:
వస్తాడో లేదో గానీ ఆ శ్లోకంతో ఒక పని చెయ్యొచ్చు. ఉత్తర ఫల్గునీ తార మనకి 36 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాన్ని మనం ఏమీ చెయ్యలేం, కానీ పిడుగు ఎంత దూరంలో పడిందో శ్లోకంతో కొలవచ్చు. మెరుపు కనపడగానే మొదలుపెట్టి ఉరుము వినపడేదాకా చదవండి. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. శ్లోకంలో ఉన్న అర్జునుడి పది పేర్లూ మామూలు వేగంతో చదివితే నాకు తొమ్మిది సెకన్లు పట్టింది, అంటే ఆఖరి పేరు ధనంజయ అనేసరికి ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. కిరీటి దగ్గరే ఉరిమితే కిలోమీటరు పైన ఇంకాస్త దూరం, అంతే. నిజానికి ముప్ఫై సెకన్ల లోపు ఉరుము వినపడితే, అంటే మూడు సార్లు చదివే లోపు, చేలో ఉన్నవాళ్ళు పక్కా ఇంట్లోకి వెళ్ళిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కిందకి అసలు పోవద్దు, తాటిచెట్టు మీద పడితే లోపలి నీరు ఆవిరై చెట్టే పగిలిపోతుంది, మళ్ళీ అదే మంగలం సూత్రం. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు లెక్క తేలాయి. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళది, ఫోన్లో పెట్టుకోండి, ఊళ్ళో ఉన్న నాన్నల ఫోన్లలో మీరే వేసిపెట్టండి.

జొన్నకంకి:
మా బాపు ఫోన్ల ఇప్పుడే ఏసిన మాస్టారూ. ఆయన వానొస్తే చేన్ల యాపచెట్టు కిందికే పోతడు, ఎన్నిసార్లు చెప్పినా ఇనడు, ఈ మూడుసార్ల శ్లోకం లెక్క చెప్తే నవ్విండు గానీ రాసుకున్నడు.

వానకోయిల:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మా పిన్నికి ఫోన్ చేశా, అమ్మమ్మ చివరి రోజుల్లో ఆవిడ దగ్గరే ఉంది. ల అంటే ల అనీ ళ అంటే ళ అనీ రెండిటికీ ఊఁ కొట్టింది, ఆవిడ పలికినప్పుడు నాకు మధ్యలో ఎక్కడో వినపడింది, మూడుసార్లు అనిపించినా తేలలేదు. రెండో ముక్క మాత్రం "అమ్మ నాన్నగారి మీద కోపం వచ్చినప్పుడే అనేది, మామూలప్పుడు అనేది కాదు" అంది. సామెతో అమ్మమ్మ మాటో ఇంకా అర్థం కాలేదు నాకు. కానీ ఒకటి చెప్పింది, పేలాలు వేయించే కుండ అటక మీద ఇంకా ఉందట, పగిలిందని పారెయ్యబోతే అమ్మమ్మ పారెయ్యనివ్వలేదట.

పాతపుస్తకం:
అమ్మా, దయచేసి ఫోటో పెట్టించండి. పగులు కాదేమో చూడండి. పక్కన చేతికి పట్టేంత చిల్లు గుండ్రంగా ఉందా, అంచు అరిగి ఉందా?

గట్టుమీదిమామిడి:
దాన్ని ఏమని పిలిచేవారో కూడా అడగండి. ళ తోనే అన్నారా అని.

వానకోయిల:
ఆదివారం మా తమ్ముడు వెళ్తున్నాడు, అటక ఎక్కిస్తా.