విదేశాలకు పుస్తకాలు: తపాలా ఖర్చు చిన్న ప్రచురణకర్తలను ఎక్కడ దెబ్బతీస్తోంది? (చర్చ)

కృష్ణలంక:
విజయవాడ నుంచి కథలూ కవిత్వమూ ప్రచురించే చిన్న సంస్థ మాది. ఏ పుస్తకమూ 500 ప్రతులకు మించి వేయము. వాటిలో చెప్పుకోదగ్గ భాగాన్ని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలోని తెలుగువారు కొంటారన్న లెక్కతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాము. ఇప్పుడు 250 రూపాయల పుస్తకం ఒక్కటి డాలస్‌కు పంపాలన్నా దారి ఖర్చు పుస్తకం ధరను మించిపోతోంది. ఆ మొత్తం చూసి పాఠకులు వెనక్కి తగ్గుతున్నారు. కొంత మేమే భరిద్దామంటే, పంపిణీదారు కమిషను లేకుండా నేరుగా అమ్మినందుకు మిగిలే నాలుగు రూపాయలూ తపాలాకే పోతున్నాయి. మీరు ఏ దారిలో పంపుతున్నారో, ఏది గిట్టుబాటవుతోందో దయచేసి చెప్పగలరు.

చిక్కడపల్లి పాతకాపు:
దేశంలోపలి సంగతినీ విదేశాల సంగతినీ విడదీసి చూడాలండీ. 2024 డిసెంబరులో పుస్తకాలను చౌకగా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సేవను తపాలా శాఖ ఆపేసినప్పుడు ప్రచురణకర్తలమంతా గగ్గోలు పెట్టాము. 2025 మే 1న పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే దేశీయ తపాలా సేవ మొదలై, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, ఆపైన పన్ను అన్నాక కాస్త ఊపిరాడింది. సరిహద్దు దాటే పుస్తకానికి మాత్రం అలాంటి వెసులుబాటు దక్కలేదు.

అమెరికా విషయంలో మరో దెబ్బ తగిలింది. 800 డాలర్ల లోపు సరుకుకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు అక్కడి ప్రభుత్వ ఉత్తర్వుతో 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. నిజానికి అచ్చు పుస్తకాలను ఆ ఉత్తర్వు పరిధి నుంచి తప్పించారు. అయినా సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా జమకట్టాలో తేలక విమానయాన సంస్థలు తపాలా సరుకును ఎక్కించుకోలేమనడంతో, ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. అక్టోబరు 15న గాని అవి మళ్లీ మొదలు కాలేదు. మినహాయింపు కాగితం మీద ఉంది, పుస్తకాలు మా గదిలో ఉన్నాయి. ఆ మధ్యకాలంలో కొరియరు ధర ఎంతో విన్న పాఠకులలో కొందరు ఆ తరువాత ఆర్డరు పెట్టనే లేదు.

అట్లాంటా పాఠకురాలు:
మేము ఎవరికి వారు తెప్పించుకోవడం మానేశాము. దసరాకు ముందు స్నేహితుల కుటుంబాలన్నీ కలిసి ఒక జాబితా వేసుకుంటాము. హైదరాబాదులో మా పిన్నిగారు పుస్తకాలన్నీ సేకరించి ఒకే పెట్టెగా కార్గోలో వేయిస్తారు. పెద్ద పెట్టెకు కిలో లెక్క బాగా దిగుతుంది. ఇక్కడికి చేరాక ఇతర రాష్ట్రాలవారికి మీడియా మెయిల్‌లో పంపుతాము. పుస్తకాల వంటి వాటికోసమే అమెరికా తపాలా సంస్థ నడిపే చౌక సేవ అది. దేశం దాటితే పనికిరాదు. అందుకే టొరంటోలో ఉన్న మా మరిది పుస్తకాలు, ఎవరో ఒకరు అటు వెళ్లేదాకా మా ఇంట్లోనే ఉంటాయి.

అయితే ఈ పద్ధతిలో నష్టపోయేది మీ కవులే, కృష్ణలంక గారూ. జాబితాకు ఎక్కేవి అందరూ ఎరిగిన పేర్లే. ఎవరూ వినని కవి మొదటి సంపుటిని చేర్చుదామంటే, ఆ బరువుకు ఇంకో నవల వస్తుంది కదా అనేవారు ఉంటారు. పూర్వం ఒక సమీక్ష చదివి, ముచ్చటపడి ఒక్క ప్రతి తెప్పించుకునేవాళ్లం చూడండి, ఆ కొనుగోలే పూర్తిగా పోయింది.

డెమీసైజు:
బరువు గురించి అచ్చుకు ముందే ఆలోచించాలి. కౌంటరులో తూచేది పుస్తకాన్ని కాదు, ప్యాకెట్టును. 480 గ్రాముల పుస్తకానికి అట్ట, పాలిథిన్ కవరు, టేపు చేరితే 500 దాటి పై స్లాబు, అంటే తరువాతి బరువు శ్రేణి ధర, పడుతుంది. అదే పుస్తకాన్ని 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత) బదులు 70 జీఎస్‌ఎం కాగితం మీద వేసి, గట్టి అట్ట బైండింగు మానుకుంటే హాయిగా కిందికి దిగుతుంది. గట్టి అట్ట చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కాని రెండు వందల పేజీల కథల పుస్తకానికి అది మోజే తప్ప అవసరం కాదని నా అభిప్రాయం. ప్యాకింగులో మాత్రం పిసినారితనం వద్దు. మూలలు నలిగిన ప్రతికి బదులు ఇంకొకటి పంపవలసి వస్తే దారి ఖర్చు రెండుసార్లు పెట్టినట్టే.

మాంచెస్టర్ మిత్రుడు:
బ్రిటన్‌లో అచ్చు పుస్తకాలకు వ్యాట్ సున్నా కనుక మాకు తపాలా ఖర్చు ఒక్కటే సమస్య. యూరోపియన్ యూనియన్ అలా కాదు. 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న తీసేశారు. 2024 డిసెంబరు 13న అమల్లోకి వచ్చిన ఉత్పత్తుల భద్రతా నియమాల ప్రకారం అక్కడ బాధ్యత వహించే ప్రతినిధి కూడా ఉండాలి. జర్మనీలో ఉన్న ముగ్గురు పాఠకుల కోసం ఏ తెలుగు ప్రచురణకర్త ప్రతినిధిని పెట్టుకుంటాడు?

గోదారిగట్టు:
అమెరికాలోని తెలుగు సంఘాలైన తానా, ఆటాల సభలకు వెళ్లే రచయితల సామానులో పంపితే సరిపోదా?

కృష్ణలంక:
గోదారిగట్టు గారూ, ఆ సభలు ఒక్కొక్కటి రెండేళ్లకోసారి జరుగుతాయి. పైగా అమ్మకానికి తీసుకువెళ్లే ప్రతులను కస్టమ్స్‌లో వ్యాపార సరుకుగానే చెప్పాలి. రచయిత నెత్తిన ఆ బాధ్యత పెట్టలేము.

అట్లాంటా పాఠకురాలు గారు చెప్పిన పద్ధతిని తిరగేసి, ఇటువైపు నుంచి చేయవచ్చనిపిస్తోంది. విజయవాడ, గుంటూరు చిన్న ప్రచురణకర్తలం కలిసి మూడు నెలలకొక పెట్టె పంపుదాము. ప్రతి పెట్టెలోనూ కొత్త కవుల సంపుటాలకు ఐదు కిలోలు ముందే కేటాయిద్దాము, ఆ బరువు ఖర్చును నవలలు, కథలు వేసేవారు, మాతో సహా, పంచుకోవాలి. ఎగుమతికి కావలసిన ఐఈసీ నంబరు మాకు ఉంది. తపాలా దారిలో వెళ్లేవాటికి ఎగుమతి బిల్లును తపాలా శాఖవారి ఎగుమతి సేవ అయిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. అచ్చు పుస్తకాల కస్టమ్స్ కోడు 4901. చేరదలచినవారు తమ పుస్తకాల పేర్లతో పాటు ఒక్కో ప్రతి బరువును, ప్యాకింగు లేకుండా తూచి, ఇక్కడే రాయండి.