‘అంగుళం ఇస్తే మైలు లాక్కుంటాడు’: స్లోవాక్‌లో అంగుళం ఉంచాలా, వేలు పెట్టాలా?

కోషిత్సె_కాఫీ:
ఇక్కడ స్లొవేకియాలో స్లోవాక్ కోర్సు చేస్తున్నాను. అనువాదానికి ఒక ఇంగ్లిష్ కథ ఇచ్చారు. పక్కింటాయన కంచెను కొంచెం కొంచెంగా ఇటు జరుపుతుంటే ఇంటావిడ అంటుంది: ‘వాడికి అంగుళం ఇస్తే మైలు లాక్కుంటాడు’. ఉన్నదున్నట్టు ‘దయ్ ము పలెత్స్ అ వెజ్మె సి మీల్యు’ అని రాశాను. టీచర్ గారు కొట్టేసి, దయ్యానికి వేలందిస్తే చెయ్యంతా పట్టుకుంటుందనే వాళ్ల సామెత రాశారు. గొడవంతా స్థలం గురించి అయితే మధ్యలో దయ్యం ఎందుకండీ?

నిఘంటువు_పురుగు:
టీచర్ గారిదే కరెక్ట్. ‘పలెత్స్’ అంటే అంగుళమే కాదు, బొటనవేలు కూడా. అక్కడ యూట్యూబ్‌లో లైక్ కొట్టమనడానికి ‘పలెత్స్ హొరె’, బొటనవేలు పైకి, అంటారు. మీ వాక్యం చదివితే పక్కింటాయనకి ఎవరో లైక్ కొడితే ఆయన మైలు పట్టుకుపోయినట్టుంది! పైగా హంగరీ రాజ్యంలో ఉన్నప్పుడే, 1876లో, ఆ నేల మీదికి మీటర్లు వచ్చేశాయి.

కోషిత్సె_కాఫీ:
వస్తే? టీవీలూ సైకిల్ చక్రాలూ ఇప్పటికీ అంగుళాల లెక్కే. మైలురాయికి కూడా మైలుతోనే మాట ఉంది, ‘మీల్నిక్’ అని.

మూరెడు_పూలు:
ఇద్దరూ మైలు పట్టుకుని వేలాడుతున్నారు గానీ, ఆ సామెతలో మొదట మైలు లేదు. 1546లో జాన్ హేవుడ్ వేసిన సామెతల పుస్తకంలో, అంగుళం ఇస్తే ‘ఎల్’ తీసుకున్నావని ఉంటుంది. ఎల్ అంటే బట్టల కొలత, ఇంగ్లండులో 45 అంగుళాలు. మోచేతిని ఇంగ్లిష్‌లో ఎల్బో అంటామే, దానిలో ఉన్నది ఈ ఎల్లే. స్లోవాక్‌లోనూ అంతే, ‘లకెత్’ అంటే మోచెయ్యి, పాత కొలత కూడా. మన మూర సంగతి చూడండి: మోచేతి నుంచి వేలి కొస దాకా. పూలావిడ టేపు తీస్తుందా, చెయ్యి చాపుతుంది. వేలిస్తే చెయ్యి పట్టుకోవడంలో కొలత లేదని ఎలా అంటారు?

నిఘంటువు_పురుగు:
భలే పట్టారు. కానీ చదివేవాడికి ఇదంతా తట్టదు కదా, దయ్యమే కనిపిస్తుంది. కనిపించనివ్వండి, సామెత పని అదే.

రాత్రి_డ్యూటీ:
నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. మైలు పోతే పోయింది, కంచె పోకూడదు. మా ఊళ్లో ఏటా ఒక్కో చాలు చొప్పున గట్టు దున్నేసుకున్న పక్కచేను ఆయన్ని ‘చనువిస్తే చంకెక్కాడు’ అని వదిలేస్తే మా నాన్న ఒప్పుకోడు, నేల మాట రావాల్సిందే. ‘సెంటీమీటరు ఇస్తే మీటరు తీసుకుంటాడు’ అని పెట్టండి.

నిఘంటువు_పురుగు:
తిట్టే ముందు టేపు తెచ్చుకున్నట్టుంది.

మూరెడు_పూలు:
కాఫీ గారూ, దయ్యాన్ని తీసేసి వేలూ చెయ్యీ ఉంచితే? ‘వాడికి వేలందిస్తే చెయ్యంతా పట్టుకుంటాడు’. పక్క వాక్యంలో కంచె ఎలాగూ ఉంది.

కోషిత్సె_కాఫీ:
ఇది నచ్చింది. మూలంలో కంచె రెండడుగులు జరిగిందని ఉంటే 60 సెంటీమీటర్లు చేశాను. దాన్ని టీచర్ గారు ముట్టుకోలేదు కాబట్టి కొలత అక్కడ బతికే ఉంది. సోమవారం మళ్లీ చూపిస్తాను. మంచి జరగాలని కోరుకోమనడానికి ఇక్కడ బొటనవేళ్లు పట్టుకోమంటారు. కాస్త పట్టుకోండి.