అండాశయాలు కూడా తీసేసిన అక్కకు ఈస్ట్రోజెన్ మాత్రలు: క్యాన్సర్ భయంతో ఆపేయవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అక్కకు 41 ఏళ్లు. మూడేళ్ల క్రితం నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా తీశారని ఈమధ్యే అనుమానం వచ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేదు. ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టరమ్మ ఈస్ట్రోజెన్ (అండాశయాల్లో తయారయ్యే హార్మోను) మాత్రలు రాశారు. మా బావ ఎక్కడో చదివి, హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరుగుతుందని, అందుకే అమెరికాలో పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేశారని చెప్పి వద్దంటున్నారు. అక్క భయపడి మాత్రలు మొదలుపెట్టలేదు. ఆ పరిశోధన నిజమేనా?

జవాబు 1:
నేను ప్రజారోగ్య పరిశోధనలో పనిచేస్తాను, వైద్యురాలిని కాను. పరిశోధన సంగతి మాత్రం వివరంగా చెప్పగలను.

మీ బావగారు చదివింది నిజమేనండీ. దాని పేరు విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. 2002 జులైలో అందులోని ఒక భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. అయితే ఆ పరిశోధనలో చేర్చుకున్నది 50 నుంచి 79 ఏళ్ల వాళ్లను. సగటు వయసు 63. మీ అక్క వయసువాళ్లు అందులో ఒక్కరూ లేరు.

ఇక ఆ 26 శాతం. ఆపేసిన భాగంలో ఉన్నది గర్భసంచి ఉన్న 16,608 మంది. వాళ్లలో సగం మందికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే రెండో హార్మోను కలిపి ఇచ్చారు, మిగతా సగానికి మందు లేని మాత్ర. ఏడాదికి ప్రతి పదివేల మందిలో, మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, హార్మోన్లు వాడినవాళ్లలో 38 మందికి వచ్చింది. అంటే పదివేలకు ఎనిమిది మంది ఎక్కువ. శాతంగా రాస్తే 26. ఆ ఎనిమిది మందినీ నేను తక్కువ చేయడం లేదు. కానీ 26 శాతం అని వినగానే వందలో 26 మందికి క్యాన్సర్ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ అపార్థం వల్ల అవసరమైన మందు మానేసినవాళ్లను చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మీ అక్కకు దగ్గరగా వచ్చేది అదే పరిశోధనలోని రెండో భాగం. గర్భసంచి తీసేసిన 10,739 మందిలో సగం మందికి ఒక్క ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చారు. ప్రొజెస్టిన్ ఇచ్చేది ప్రధానంగా గర్భసంచి లోపలి పొరను కాపాడటానికి. గర్భసంచే లేనప్పుడు సాధారణంగా దాని అవసరం ఉండదు. ఈ భాగాన్నీ 2004లో ముందుగానే ఆపేశారు, పక్షవాతం ముప్పు పెరిగిందని. రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు: మందు లేని వాళ్లలో పదివేలకు 33, ఈస్ట్రోజెన్ వాడినవాళ్లలో 26. ఇరవై ఏళ్ల దాకా గమనించి 2020లో ప్రచురించిన ఫలితాల్లోనూ ఈస్ట్రోజెన్ వాడినవాళ్లలోనే రొమ్ము క్యాన్సర్ తక్కువగా కనిపించింది. తుంటి ఎముక విరగడమూ తగ్గింది. 2002 నాటి భయం ఊరూరా పాకింది. ఈ రెండో ఫలితం ఇళ్ల దాకా చేరలేదు, అదే నా బాధ.

చిన్న వయసులో అండాశయాలు తీసేసినవాళ్ల గురించి వేరే పరిశోధనలున్నాయి. అమెరికాలోనే మేయో క్లినిక్ వాళ్లు ఒక జిల్లాలోని మహిళల రికార్డులను దశాబ్దాల తరబడి పరిశీలించారు. 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ తీసేసి, ఆ తర్వాత ఈస్ట్రోజెన్ కూడా ఇవ్వని వాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది చీటీలు తీసి మందు పంచిన పరిశోధన కాదు, కాబట్టి కారణం ఇదేనని తేల్చేయలేం. అయినా ఎముకలు, గుండె గురించి తెలిసిన మిగతా విషయాలతో అది సరిపోతోంది. అందుకే ఇలాంటివాళ్లకు, వద్దనడానికి బలమైన కారణం లేకపోతే, మామూలుగా ముట్టు నిలిచిపోయే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్య సంఘాలు చెబుతున్నాయి.

ముందు డిశ్చార్జి కాగితం వెతకండి. అండాశయాలు తీశారో లేదో అందులో ఉండాలి. బయాప్సీ రిపోర్టు కూడా కావాలి.

జవాబు 2:
మా పిన్నిగారు ఏ మందూ వాడలేదండీ. సోయా, నువ్వులు తింటూ ఓర్చుకున్నారు, నాలుగేళ్లకు ఆవిర్లు తగ్గాయి.

జవాబు 1:
ఆవిర్లు కొందరికి వాటంతట అవే తగ్గుతాయండీ, నిజమే. ఎముక పలచబడటం మాత్రం బయటికి తెలియదు, విరిగేదాకా. పిన్నిగారికి ముట్టు ఏ వయసులో నిలిచిందో నాకు తెలియదు. యాభైకి దగ్గరలో నిలవడం వేరు, 38కే ఆపరేషన్‌తో ఒక్కరోజులో నిలిచిపోవడం వేరు. నువ్వులు తినమనండి, మంచిదే. ఈస్ట్రోజెన్‌కు బదులుగా మాత్రం కాదు.

మన రాష్ట్రాల్లో ఇలాంటి అక్కలు చాలామంది ఉన్నారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తంమీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అండాశయాలు ఉంచారా తీశారా అన్నది ఆ సర్వే అడగదు. ఎంతమంది ఈస్ట్రోజెన్ లేకుండా బతుకుతున్నారో లెక్క అందులో దొరకదు. అడిగి తీరాల్సిన ప్రశ్న అది.

ప్రశ్న అడిగినవారు:
కాగితం దొరికిందండీ. రెండు వైపులా అండాశయాలు తీసినట్టు రాసి ఉంది. బయాప్సీలో ఫైబ్రాయిడ్లే (గర్భసంచిలో మామూలు గడ్డలు), క్యాన్సర్ లేదు. మా నాన్నగారి మేనత్తకు డెబ్బై దాటాక రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అది అడ్డమా?

జవాబు 1:
అంత దూరపు బంధువుకు, ఆ వయసులో వచ్చిందంటే అదొక్కటే సాధారణంగా అడ్డం కాదు. డాక్టరమ్మకు మాత్రం తప్పకుండా చెప్పండి. అక్కకే ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, గుండెపోటు, కాలేయ జబ్బు వచ్చి ఉంటే లెక్క మారిపోతుంది. అవి ఉన్నాయో లేవో స్పష్టంగా చెప్పాలి. బీపీ చూపించుకుని వెళ్లండి. మాత్రకు బదులు చర్మానికి అతికించే పట్టీ, జెల్ కూడా ఉంటాయి. వాటితో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువగా కనిపిస్తోంది కాబట్టి, అక్కకు ఏది నయమో అడగండి. ఎముకల సాంద్రత పరీక్ష గురించీ అడగండి.

బావగారిని కూడా వెంట తీసుకెళ్లండి. అక్క మీద ప్రేమతోనే ఆయన భయపడుతున్నారు. ఆ 30, 38, 33, 26 అంకెలు కాగితం మీద రాసుకుని, ఇవి మా ఆవిడకు ఎంతవరకు వర్తిస్తాయని ఆయననే డాక్టరమ్మను అడగమనండి.