హెరోకులో స్ప్రింగ్ బూట్ అప్లికేషన్‌కు డేటాబేస్ అందడం లేదు

ప్రశ్న: నమస్కారమండీ. గ్రంథాలయం కోసం స్ప్రింగ్ బూట్‌ (జావా ఫ్రేమ్‌వర్క్)లో రాసిన అప్లికేషన్‌ను డాకర్ ఇమేజ్‌గా (కావలసినవన్నీ కలిపి కట్టిన ప్యాకేజీగా) హెరోకు అనే క్లౌడ్ సేవలో పెట్టాను. ఇంట్లో పోస్ట్‌గ్రెస్‌ డేటాబేస్‌తో చక్కగా నడిచేది అక్కడ మొదలవగానే ఆగిపోతోంది. హెరోకు ఇచ్చిన డేటాబేస్ యూఆర్‌ఎల్ వేరియబుల్‌లోని చిరునామానే డేటాసోర్స్‌కు ఇచ్చాను. డ్రైవర్ దాన్ని ఒప్పుకోవడం లేదని లాగ్ చెబుతోంది. ముందు జేడీబీసీ (జావా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి పేరు) అని తగిలించినా అంతే. ఎక్కడ సరిచేయాలి?

జవాబు: డేటాబేస్ బాగానే ఉంది, చిరునామా రాసిన తీరే జావాకు పనికిరాదు. హెరోకు ఇచ్చేది ఇలా ఉంటుంది:

పోస్ట్‌గ్రెస్://యూజర్:పాస్‌వర్డ్@హోస్ట్:5432/డేటాబేస్

జావా డ్రైవర్‌కు కావలసింది ఇది:

జేడీబీసీ:పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్://హోస్ట్:5432/డేటాబేస్

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. జేడీబీసీ చేర్చినంత మాత్రాన సరిపోదు. పోస్ట్‌గ్రెస్ అన్నచోట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఉండాలి, హోస్ట్‌కు ముందున్న యూజర్, పాస్‌వర్డ్‌లను తీసి విడిగా అందించాలి. జావాలోని యూఆర్ఐ క్లాస్‌తో ఆ వరుసను ముక్కలు చేస్తే నాలుగైదు లైన్లలో పని అయిపోతుంది. జేడీబీసీ చిరునామా చివర ఎస్‌ఎస్‌ఎల్ మోడ్‌ను (కనెక్షన్ గుప్తీకరణను) రిక్వైర్ అని పెట్టండి.

అయితే డాకర్ తప్పనిసరి కాకపోతే నా సలహా వేరు. పామ్ ఫైల్ (మావెన్ బిల్డ్ వివరాల ఫైల్) ఉన్న ప్రాజెక్టును గిట్ ద్వారా నేరుగా పంపండి. హెరోకు జావా బిల్డ్‌ప్యాక్ (మీ కోడ్‌ను నడిచేలా సిద్ధం చేసే సాధనం) ఈ మార్పిడంతా తానే చేసి, స్ప్రింగ్ చదువుకునే డేటాసోర్స్ వేరియబుల్స్‌లో పెడుతుంది. మీరు ఒక్క లైను కూడా రాయనక్కరలేదు. డాకర్ దారిలో ఆ బిల్డ్‌ప్యాక్ ఉండదు కనుకే మీకు ఈ తిప్పలు.

ఎలా చేసినా ఆ పాస్‌వర్డ్‌ను కోడ్‌లోకి మాత్రం కాపీ చేయకండి. హెరోకు దాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు, ఆ రోజు మీ అప్లికేషన్ ఆగిపోతుంది.

ప్రశ్న: డాకర్‌లోనే ఉంచి, చిరునామాను విడగొట్టాను. డేటాబేస్ అందింది! కానీ టామ్‌క్యాట్ (స్ప్రింగ్ బూట్‌లోని వెబ్ సర్వర్) 8080 పోర్టులో మొదలైందని లాగ్‌లో వచ్చిన కాసేపటికి ఆర్10 అనే ఎర్రర్‌తో ఆగిపోతోంది.

జవాబు: పోర్టు సంఖ్యను హెరోకు నిర్ణయించి, పోర్ట్ అనే వేరియబుల్‌లో ఇస్తుంది. 60 సెకన్లలోగా మీ అప్లికేషన్ ఆ పోర్టులో వినకపోతే ఆపేస్తుంది, ఆర్10 అంటే అదే. డాకర్ ఫైల్‌లో పోర్టును ప్రకటించే ఎక్స్‌పోజ్ లైనును అది పట్టించుకోదు. స్ప్రింగ్ సెట్టింగుల్లో సర్వర్ పోర్టును ఆ వేరియబుల్ నుంచి తీసుకునేలా, అది లేనప్పుడు 8080 వాడేలా రాయండి. ఇంట్లోనూ అక్కడా ఒకే ఇమేజ్ నడుస్తుంది.

ప్రశ్న: నడుస్తోందండీ, చాలా సంతోషం! పుస్తకాల అట్ట బొమ్మలను అప్లికేషన్ ఫోల్డర్‌లోనే దాస్తున్నాను. పరవాలేదా?

జవాబు: ఇప్పుడే మార్చుకోండి. హెరోకు డైనో (మీ అప్లికేషన్ నడిచే కంటైనర్) రోజుకు కనీసం ఒకసారి మళ్లీ మొదలవుతుంది. అప్పుడు మీరు ఆ డిస్కులో దాచినవన్నీ పోతాయి. కొత్త వెర్షన్ పెట్టినా అంతే. బొమ్మలను అమెజాన్ ఎస్3 (ఫైళ్లు దాచే క్లౌడ్ సేవ) వంటి చోట ఉంచి, పోస్ట్‌గ్రెస్‌లో వాటి చిరునామాలు మాత్రం రాసుకోండి.