యాజమాన్యమా, నిర్వహణా? ఒక శీర్షిక దగ్గర ఆగిపోయాను

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక సెమినార్ కోసం ఇంగ్లీషు వ్యాసం తెలుగు చేస్తున్నాను. మూడు రోజులుగా శీర్షిక దాటలేదు. మనలాంటి వర్ధమాన దేశంలోకి మేనేజ్‌మెంట్ చదువులు ఎలా వచ్చాయి, వాటిని ప్రశ్నించేవాళ్లు ఏమంటున్నారు అన్నది విషయం. ఆ శాఖను క్రిటికల్ మేనేజ్‌మెంట్ స్టడీస్ అంటారు. నేను 'విమర్శనాత్మక నిర్వహణ అధ్యయనాలు' అని పెట్టాను. మా అక్క చదివి, "ఏంటిది, తిడుతూ పని చేయించడం నేర్పే కోర్సా?" అంది. మళ్లీ చదివితే నాకూ అలాగే వినిపించింది.

పైగా ఒక పేరాలో యాజమాన్యం అనీ, ఇంకో పేరాలో నిర్వహణ అనీ రాసుకుంటూ పోయాను. రెండూ ఒకటేనా?

జవాబు 1

ఒకటి కాదమ్మా. నేను ముప్పై ఏళ్లు మిల్లులో చేసి రిటైరయ్యాను. యూనియన్ కరపత్రాలు నేనే రాసేవాణ్ణి. 'యాజమాన్యం మొండివైఖరి నశించాలి' అని రాస్తాం. 'నిర్వహణ మొండివైఖరి' అని రాసి చూడండి, గేటు దగ్గర నవ్విపోతారు. నిర్వహణ అంటే జరిగే పని, యాజమాన్యం అంటే బల్లకి అవతల కూర్చున్న మనిషి. బోనస్ అడగాలంటే మనిషి కావాలి కదా.

జవాబు 2

అన్నగారి మాట బాగుంది కానీ మా వ్యవసాయ రంగంలో ఆ తేడా ఎప్పుడో చెరిగిపోయింది. నీటి యాజమాన్యం, ఎరువుల యాజమాన్యం, కలుపు యాజమాన్యం అని మేమే కరపత్రాలు పంచాం. ఒక సమావేశంలో ఓ పెద్దాయన లేచి, "కలుపుకి నేను యజమానినేంటి సార్, అదే నాకు యజమాని" అన్నాడు. ఆ రోజు నుంచి నేను 'కలుపు నివారణ' అనే రాస్తున్నాను.

జవాబు 3

నేను ఎంబీఏ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. శీర్షిక సంగతి తర్వాత. వ్యాసం లోపల మీకు అంతకంటే పెద్ద చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను.

ఈ దేశంలో 'మేనేజింగ్' అన్న మాట బడిలోకి రాకముందే కంపెనీల్లో స్థిరపడింది. మేనేజింగ్ ఏజెన్సీ అని ఉండేది. కలకత్తాలోనో బొంబాయిలోనో ఒక వర్తక సంస్థ జనపనార మిల్లుల్ని, బొగ్గు గనుల్ని, తేయాకు తోటల్ని ఒప్పందం మీద నడిపేది. వాటాలు చాలాసార్లు కొద్దిగానే ఉండేవి, పెత్తనం మాత్రం మొత్తం వాళ్లదే. అమ్మకాల మీదో లాభాల మీదో కమీషన్ తీసుకునేవాళ్లు. 1936లో చట్టం సవరించి ఒప్పందానికి ఇరవై ఏళ్ల హద్దు పెట్టారు. 1970 ఏప్రిల్ 3 నుంచి పద్ధతినే ఎత్తేశారు. ఇప్పుడు చెప్పండి, ఆ ఏజెంటు యజమానా, నిర్వాహకుడా? అన్నగారి లెక్క ప్రకారం బల్లకి అవతల కూర్చున్నది ఆయనే, కానీ ఆస్తి ఆయనది కాదు.

ఇక చదువు సంగతి. మన హైదరాబాద్‌లోనే 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వచ్చింది, ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో. 1961లో కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు. మొదటిదానికి ఎంఐటీ స్లోన్ స్కూల్, రెండోదానికి హార్వర్డ్ తోడు నిలిచాయి. రెండింటి వెనకా ఫోర్డ్ ఫౌండేషన్ సాయం ఉంది. అప్పటికి మేనేజింగ్ ఏజెన్సీలు ఇంకా బతికే ఉన్నాయి. కానీ నేను చదువుకున్న పుస్తకంలో మొదటి అధ్యాయం ఫ్రెడరిక్ టేలర్, పనిని గడియారంతో కొలిచిన అమెరికా ఇంజనీరు, 1911 నాటి ఆయన పుస్తకం. మన మిల్లుల్ని నడిపిన పద్ధతి గురించి ఒక్క పేజీ లేదు.

అమెరికా విషయంలో బిల్ కుక్ అనే పరిశోధకుడు 2003లో ఇలాంటి ప్రశ్నే వేశాడు. 1860 నాటికి అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలు, వాళ్ల మీద పని చేయించే ఓవర్‌సీర్లు సుమారు 38,000 మంది ఉన్నారు. పని విడగొట్టి, లెక్కగట్టి చేయించడం అక్కడే సాగింది. మరి మేనేజ్‌మెంట్ చరిత్ర వాళ్లని ఎందుకు వదిలేసింది? మన దగ్గర ఆ స్థానంలో ఎవరుంటారు? నన్నడిగితే మేస్త్రీ. అడ్వాన్సు చేతిలో పెట్టి, అప్పులోకి దించి, తెలుగు కూలీల్ని రంగూన్ ఓడ ఎక్కించి, అక్కడ వాళ్ల జీతంలోంచి కోసుకున్న మనిషి. మాట పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చింది, పని మాత్రం మన ఊళ్లలోనే మొదలైంది.

ఇంకో తిరకాసు. మేనేజ్‌మెంట్‌లాగే దాని మీద విమర్శ కూడా మనకు దిగుమతే. మాట్స్ ఆల్వెసన్, హ్యూ విల్మట్ 1992లో 'క్రిటికల్ మేనేజ్‌మెంట్ స్టడీస్' అన్న పేరుతోనే వ్యాస సంకలనం తెచ్చారు. ఆ శాఖ ఎక్కువగా బ్రిటన్ యూనివర్సిటీల్లో పెరిగింది. ఇక్కడి పరిశోధకుడికి పాఠమూ అక్కణ్ణుంచే, పాఠాన్ని తిట్టే పద్ధతీ అక్కణ్ణుంచే. మీరు మాటకి మాట పెట్టి తెలుగు చేస్తే మూడో దిగుమతి అవుతుంది. తెలుగు మాటల్లోనే ఈ తగాదా ఏమైనా ఉందేమో వెతకండి.

జవాబు 4

ఉంది. సంస్కృతం చెప్పుకు బతికినవాణ్ణి కాబట్టి ఇది నా వంతు.

యజమాని అంటే ఇప్పుడు ఓనరు. అసలు అర్థం యజ్ఞం చేయించుకునేవాడు. చేతులు కాల్చుకునేది ఋత్విక్కులు, అంటే యజ్ఞం జరిపే పురోహితులు, ఫలం అతనిది. పాణిని సూత్రం 1.3.72: 'స్వరితఞితః కర్త్రభిప్రాయే క్రియాఫలే'. కొన్ని ధాతువుల విషయంలో, పని ఫలం చేసేవాడికే చెందితే ఆత్మనేపదం, లేకపోతే పరస్మైపదం; ఇవి క్రియ చివర చేరే రెండు రకాల ప్రత్యయాలు. అందుకని యజమానుడైతే 'యజతే', అతని కోసం యజ్ఞం జరిపే యాజకులైతే 'యజంతి'. పాణిని సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికావృత్తి ఇక్కడ మూడు ఉదాహరణలు ఇస్తుంది: యజంతి యాజకాః, పచంతి పాచకాః, కుర్వంతి కర్మకరాః. యాజకులు, వంటవాళ్లు, కూలీలు ఒకే వరసలో నిలబడ్డారు చూడండి.

ఆ వెంటనే ఒక సందేహం. కూలీకి కూలి ముడుతుంది కదా, అది ఫలం కాదా? దక్షిణా, భృతీ వాళ్లకి అందే మాట నిజమే, కానీ పని మొదలుపెట్టింది వాటికోసం కాదు అని వృత్తికారుడి సమాధానం. వంటవాడికి జీతం వచ్చినా పాయసం యజమానిదే అన్నమాట. ఎవరి పని, ఎవరి ఫలం అన్న లెక్క ఒక క్రియా ప్రత్యయంలో పెట్టుకున్న వ్యాకరణం ఇది. మీ ఆల్వెసన్‌గారికి ఇది చెప్పి ఉండాల్సింది.

జవాబు 5

మాస్టారూ, పాదాభివందనం, కానీ చిన్న సవరణ. 'యజమాన' శబ్దం ఆ సూత్రం మీద నిలబడలేదు. దానికి విడిగా 3.2.128 'పూఙ్యజోః శానన్' ఉంది. అక్కడ చేరే ప్రత్యయం శానచ్ కాదు, శానన్. అది ఆత్మనేపదం లెక్కలోకి రాదు, కాబట్టి ఫలం ఎవరిదన్న షరతు దానికి వర్తించదు. 'యజతే' గురించి మీరన్నది ఒప్పుకుంటాను, 'యజమాని' అన్న మాటలోనే ఆ అర్థం ఉందంటే ఒప్పుకోను.

జవాబు 4

దొరికిపోయాను నాయనా. ఉత్సాహంలో క్రియ నుంచి నామానికి దూకాను. లోకవ్యవహారం మాత్రం నా వైపే ఉంది, ఋత్విక్కుని యజమాని అని ఎవరూ పిలవలేదు.

ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. 'ఆధ్వర్యంలో' అంటాం కదా, ఫలానా సంఘం ఆధ్వర్యంలో రక్తదాన శిబిరం అని. అధ్వర్యుడు యజ్ఞంలో యజుర్వేద ఋత్విక్కు. నేల కొలవడం, వేది కట్టడం, పాత్రలు సర్దడం, కట్టెలూ నీళ్లూ చూసుకోవడం, అన్నీ అతనే. ఒళ్లు వంచి పని చేసేవాడి పేరు తెలుగులో అధ్యక్షుడి కుర్చీ ఎక్కింది. నిజానికి మేనేజరుకి దగ్గరివాడు బ్రహ్మ అనే నాలుగో ఋత్విక్కు. కదలకుండా కూర్చుని తప్పులు కనిపెడతాడు. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథం అడగనే అడిగింది: మిగతావాళ్లు పని చేసి దక్షిణ తీసుకుంటున్నారు, ఇతను ఏం చేశాడని? జవాబు, అతను యజ్ఞానికి వైద్యుడు అని.

జవాబు 1

మా మిల్లులో కూడా ఆ ప్రశ్న అడిగాం మాస్టారూ. వైద్యుడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

జవాబు 6

పెద్దవాళ్ల మధ్య దూరుతున్నాను, క్షమించాలి. అసలు జనం 'మేనేజ్' ఎలా వాడుతున్నారో ఎవరూ చెప్పలేదు. "జీతం చాలట్లేదు, ఎలాగోలా మేనేజ్ చేస్తున్నా." "ఆఫీసర్ని మేనేజ్ చేశారులే." "ఇంటికి లేటవుతుంది, అమ్మని నువ్వు మేనేజ్ చెయ్." మొదటిది ఈదుకురావడం, రెండోది లంచం, మూడోది అబద్ధం. క్లాసులో చెప్పే ప్లానింగు, కంట్రోలింగు ఒక్కదాంట్లోనూ లేవు. అందుకే శాస్త్రానికి ఆ మాట అలాగే ఉంచెయ్యండి. తెలుగువాడు 'మేనేజ్‌మెంట్' అనగానే సగం అనుమానంతోనే వింటాడు. ఆ అనుమానం 'నిర్వహణ'లో రాదు.

జవాబు 3

ఇది నాకు తట్టలేదు, పుచ్చుకుంటున్నాను. నిర్వహణలో ఇబ్బంది అదే. వాహనంలో ఉన్న 'వహ్' ధాతువే, బరువు చివరిదాకా మోసుకుపోవడం. ఎవరి బరువో, ఎవరి నెత్తినో ఆ మాట చెప్పదు. 'విపత్తు నిర్వహణ' అన్నప్పుడల్లా విపత్తుని దగ్గరుండి జరిపించేవాళ్లు గుర్తొస్తారు నాకు.

'విమర్శ' గురించి ఒక్క మాట. దాంట్లో ఉన్నది 'మృశ్', తాకి చూడటం, తడిమి చూడటం. తిట్టడం అన్న అర్థం పేపర్లు తెచ్చిపెట్టాయి. తమాషా ఏమిటంటే 'మేనేజ్' కూడా చేతి మాటే. లాటిన్‌లో 'మానుస్' అంటే చెయ్యి, అందులోంచి ఇటాలియన్‌లో గుర్రాన్ని చేత్తో లొంగదీసే మాట వచ్చింది, అది ఇంగ్లీషుకు చేరింది. ఒక చెయ్యి కళ్లెం పట్టుకుంటే ఇంకోటి తడిమి చూస్తుంది. 'విమర్శనాత్మక' అని ఆరక్షరాలు ఎందుకు, 'విమర్శ' చాలు.

ప్రశ్న వేసినామె

అందరికీ ధన్యవాదాలు. ఇలా తేల్చుకున్నాను. మనుషుల గురించి అయితే యాజమాన్యం, జరిగే పని గురించి అయితే నిర్వహణ, చదువు గురించి అయితే మేనేజ్‌మెంట్. మేనేజింగ్ ఏజెంటుని మాత్రం ఏ గూట్లోనూ పెట్టలేక అలాగే వదిలేశాను. శీర్షిక 'మేనేజ్‌మెంట్ చదువుల మీద విమర్శ'. అక్క చదివి, "ఇది అర్థమైంది" అంది.

ఆహ్వానపత్రం మాత్రం నిన్ననే అచ్చయిపోయిందట. 'మేనేజ్‌మెంట్ విభాగం ఆధ్వర్యంలో' అని ఉంది. కుర్చీలు వేసేది ఎవరో కనుక్కుని చెబుతాను మాస్టారూ.